కావలివాని పింఛను

లండను నగరమున 1829వ సంవత్సరమునకు పూర్వము రాత్రులయందు వీథులకు కాపు కాయుచుండినవారిలో పెక్కురు ముదుసలులు. ఆ నగరము పారిషులను పేటలుగా విభక్తమై యుండెను. బీదసాదలను పోషించు భారమును, వీథులకు కావలి నేర్పఱచు భారమును పారిషుదే. రెండు భారములును ఒక్క చేతిలో నుండుటచే నొక చమత్కారము జరిగినది. పనిపాటలకు చాలని వృద్ధునకు ఊరక గ్రాసమిచ్చుటకంటె, వానిచేతి కొక లాంతరును, ఒక కఱ్ఱను, గిరగిర త్రిప్పిన పెళపెళ మ్రోయు నొక గిలకను ఇచ్చి, వీథిమొగమున కొయ్యగూటిలో కూర్చుండబెట్టినచో ఒక్క ఖర్చుతో రెండు ధర్మములు నెఱవేఱునని పారిషు పెద్దలు తలంచిరి. అన్ని పారిషులును ఇట్లే యుండెననుట న్యాయము కాదు. సంపన్నమైన కొన్ని పేటలు బలిష్ఠులనే ఏరి పెట్టుకొనినవి. అయినను లోకము నోట బడినవాడు ఆ గూటిలోని ముసలివాడే. అల్లరి యువకులు ఆ గూటిని ముసలివానితో గూడ బోర్లద్రోయుట యొక వినోదముగా నెంచిరి. మన పల్లెలలోను కళ్లముకడ కాపునకు ముసలితాతను పరుండబెట్టుట కలదు. కాని కళ్లము వేఱు, పదిలక్షలకు మించిన జనము గల నగరము వేఱు.

ఆ కాలమున కావలికొలువే ముసలివాని పింఛను అని చెప్పవచ్చును. కొలువు చాలించిన పిదప పింఛను పుచ్చుకొనుట కాదు. మఱియే కొలువునకును పనికిరాకపోయిన పిదప ఈ కొలువు పుచ్చుకొనుట. పోలీసువారికిని నిప్పు నార్పువారికిని తక్కినవారికంటె ముందుగ విశ్రాంతి నీయవలెనను ధర్మము ఇంగ్లండులో నెట్లు పుట్టి, ఎట్లు పెరిగి, ఈ శతాబ్దమున నెట్లు సన్నగిల్లినదో చెప్పబూనిన నాకు ఈ కొయ్యగూడు మొదటి మజిలీగ గనబడుచున్నది.

1829లో హోంమంత్రిగ నుండిన రాబర్టు పీలు ఈ పద్ధతిని తలక్రిందు చేసెను. ఆయన నెలకొల్పిన మెట్రోపాలిటను పోలీసున కర్నలు చార్లెసు రోవను, న్యాయవాది రిచర్డు మెయిను అను నిరువురు కమీషనరులు నియమింపబడిరి. కానిస్టేబులుగ చేరగోరువానికి ముప్పదియైదేండ్లు మించరాదు. అయిదడుగుల ఏడంగుళముల పొడవుండవలెను. చదువను వ్రాయను రావలెను. వానికి వారమునకు 21 షిల్లింగులు జీతము. ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని వీరు నిలువలేదు. 1830 మే మాసమున దళమునందుండిన సుమారు 2,800 మందిలో నాలుగేండ్లు గడచునప్పటికి ఆఱువందలమందియైనను మిగులలేదు. త్రాగుబోతుతనమునకు తొలగింపబడినవారు కొందఱు, ఈ బ్రతుకు వలదని తమంతట వెడలినవారు కొందఱు. వీథులును, దొంగలును, సందులును తెలిసికొనిన మనుష్యుడు తెలిసికొనిన మఱునాడే వెడలిపోవుచుండినచో ప్రభుత్వమునకు మిగులునది ఖాళీ కోటు మాత్రమే. మనిషిని నిలుపుటకు ఏదేని యొక ఆశ చూపవలసివచ్చినది. పోలీసువాని పింఛను దయనుండి పుట్టలేదు. వాడు పాఱిపోకుండుటకై పుట్టినది.

1839లో లండను పోలీసులకును, మఱుసటి యేడు జిల్లా పోలీసులకును వార్ధక్యనిధులు శాసనమూలమున నేర్పడినవి. 1840 నాటి జిల్లా పోలీసు చట్టమును చదువరులు తప్పక చూడదగును. పదునైదేండ్లు శ్రద్ధతోను విశ్వాసముతోను సేవ చేసినవానికి జీతములో సగమునకు మించకుండగను, ఇరువదియేండ్లు దాటినవానికి మూడింట రెండు వంతులకు మించకుండగను పింఛను ఇయ్యవచ్చును. కాని అఱువదియేండ్లు నిండనివానికి, దేహమునందో మనస్సునందో అశక్తుడయ్యెనని చీఫ్ కానిస్టేబులు సర్టిఫికెటు వ్రాసి యిచ్చిననే తప్ప ఇయ్యరాదు. అంతటితో ఆగక, ఈ చట్టములోని యే మాటయు ఏ కానిస్టేబులునకును పింఛనుపై హక్కును గలిగించునట్లు అర్థము చేసికొనరాదని స్పష్టముగ పలికినది. ఇయ్యవచ్చునేగాని ఇయ్యవలెనని కాదు.

నిధికి ధనమెక్కడిది? కానిస్టేబులు జీతములో కోత యొకటి. వాడు జబ్బుపడిన దినములలో ఆపివేసిన జీతము రెండవది. వాడు చేసిన తప్పులకు వేసిన జరిమానాలు, త్రాగి పట్టుబడినవారిపైనను పోలీసువానిని కొట్టినవారిపైనను న్యాయాధిపతులు విధించు జరిమానాలలో కొంతభాగము, కట్టి చివికిన పాత ఉడుపుల నమ్మగా వచ్చిన సొమ్ము, ఇవియు నిధిలో చేరవలసినవే. తనకు తగిలిన దెబ్బయు, తాను కట్టి విడిచిన కోటును వృద్ధాప్యమున తనకే అన్నముగ మాఱునట్లు చేసిన ఈ లెక్కను ఏ కవియు కల్పింపలేడు. ఇట్టి నిధులు చాలినచోట్లు కొన్ని, చాలనిచోట్లు పెక్కు. దళమునందలి వయస్సు పెరిగినకొలది పింఛనునకు వచ్చువారు పెరిగిరి. నిధి మాత్రము త్రాగుబోతుల సంఖ్యనుబట్టియే పెరుగును గదా!

ఇక్కడ కొంచెము నిలిచి ఆ కొలువు స్వరూపమును చూడవలెను. లేనియెడల తొందరగ విశ్రాంతి కోరుట సోమరితనమువలె దోచును. కానిస్టేబులు తన గస్తీని గంటకు రెండున్నర మైళ్ల నడకతో, ఆగక, తొందరపడక, తిరుగవలెను. దళములో ఎక్కువమందికి పని రాత్రివేళనే. లండను పొగమంచు, వాన, తడిసిన బూట్లు, పగటి నిద్ర, ఇవి ఒక యేడు రెండేడులు కాదు, ఇరువదియేండ్లు. వారమునకు ఒక దినము సెలవు ఇయ్యవలెనను చట్టము 1910వఱకు రాలేదు. కీళ్లవాతము, ఊపిరితిత్తుల జబ్బు, పాదముల వాపు వారి వృత్తివ్యాధులు. నలువదియైదేండ్ల దుకాణదారుడు నడివయస్కుడు. నలువదియైదేండ్ల గస్తీవాడు వృద్ధుడు. చట్టము మాత్రము ఇద్దఱకును అఱువదియే అనెను. ఈ మధ్యనుండిన పదునైదేండ్లు గడచుట యెట్లు? జబ్బు తనకున్నదని ఋజువు చేయుటయొక్కటే దారి. జబ్బు లేనివాడు ఉన్నదనును. ఉన్నవాడు దానిని ముదురనిచ్చును. వైద్యుడు ఇరువురిని అనుమానించును. చీఫ్ కానిస్టేబులు మనస్సు బాగున్న దినమున సర్టిఫికెటు వచ్చును, బాగులేని దినమున రాదు. కొలువునుండి వెడలు దినమును నిర్ణయించు అధికారము సేవకునిది కాదు, యజమానునిది. ఈ అర్ధశతాబ్దపు తగవంతయు ఆ దినము ఎవనిదను ప్రశ్నను గూర్చియే.

1872లో లండను పోలీసులు సభలు చేసిరి, పని మానిరి, కొందఱు కొలువు పోగొట్టుకొనిరి. 1875లోను 1877లోను పార్లమెంటు ఉపసంఘము పోలీసు వార్ధక్యనిధులను విచారించెను. విచారణ ముగిసి పదమూడేండ్లు గడచినవి. పార్లమెంటులకు కీళ్లవాతము లేదు గనుక అవి వేచియుండగలవు.

1890వ సంవత్సరపు వేసవిలో కట్ట తెగినది. అప్పటి కమీషనరు జేమ్సు మన్రో. ఈయన వంగరాష్ట్రమున సివిలు ఉద్యోగము చేసి, అక్కడి పోలీసున కధిపతియై యుండి, స్వదేశము చేరినవాడు. పింఛను బిల్లులో తన భటులకు న్యాయము జరుగుటలేదనియు, ఉన్నతోద్యోగి నియామకమున హోంమంత్రి తన మాట ద్రోసివేసెననియు అలిగి జూను మాసమున పదవి విడిచెను. సేవకుల పింఛనుకొఱకు తన పదవి విడిచిన దొరలు అరుదు. తరువాత ఆయన వంగదేశమునకే మరలివచ్చి, రాణాఘాటున వైద్యశాల నెలకొల్పి మతప్రచారమున గాలము గడపెను. ఆయన స్థానమునకు వచ్చిన సర్ ఎడ్వర్డు బ్రాడ్‌ఫర్డును హిందూదేశమున పనిచేసినవాడే. వేటలో ఆడుపులి వాతబడి ఎడమచేయి పోగొట్టుకొనినవాడు. ఆ జూలై మాసమున, బో స్ట్రీటు ఠాణాలోని కానిస్టేబులులు రాత్రికాపునకు వెడలమని నిలిచిరి. వీథిలో గుమిగూడిన జనమును చెదరగొట్టుటకు అశ్వికసైన్యమును పిలువవలసివచ్చెను. నిలిచినవారిలో కొందఱు బర్తరఫయిరి. కాని ఆ యేటనే పోలీసు చట్టము నెఱవేఱెను.

ఈ చట్టము చెప్పినది మిక్కిలి చిన్నమాట. ఇరువదియైదేండ్లు మంచిసేవ చేసిన కానిస్టేబులు వైద్యుని సర్టిఫికెటు లేకయే వెడలవచ్చును. వానికి జీవితాంతము పింఛను హక్కుగ వచ్చును. మీదిపరిమితి జీతములో మూడింట రెండు వంతులు. వయస్సు నిండుటకై కనిపెట్టుకొనియుండు నియమమును స్థానికాధికారులు కావలసినచో పెట్టుకొనవచ్చునుగాని, చట్టపు ప్రాణము సేవాకాలమునందే యున్నది. ఇరువదియేండ్లకు చేరినవాడు నలువదియైదేండ్లకు వెడలవచ్చును. ఇయ్యవచ్చును అనునది పోయి ఇయ్యవలెను అనునది వచ్చినది. తొందరగ వెడలుట ఇచ్చట ఒక బహుమానముగ గాక, ఆ దినము సేవకుని చేతికి వచ్చుటగ నాకు గనబడుచున్నది. రోగమును నటింపనక్కఱలేదు, రోగము వచ్చువఱకు నిలువనక్కఱలేదు.

ప్రాచీన రోమునందును ఇట్టి యొక ఏర్పాటు గలదు. క్రీస్తుశకము 6వ సంవత్సరమున అగస్టసు చక్రవర్తి నగరమున రాత్రికాపునకును నిప్పు నార్పుటకును ఏడు దళములు స్థాపించెను. వానిలో చేరినవారు ముఖ్యముగ దాస్యవిముక్తులు. 24వ సంవత్సరమున విసెల్లియా శాసనము, ఆఱేండ్లు ఈ సేవ చేసిన లాటిను వర్గపు విముక్తులకు రోమను పౌరసత్వము నొసగెను. తరువాత ఆ గడువు మూడేండ్లకు తగ్గెను. అక్కడను లెక్కింపబడినది మనిషి వయస్సు కాదు, వాడు నిప్పుముందు నిలిచిన యేండ్లు.

హక్కు దొరకినది. కాని దొరకినది గొలుసుగ గూడ పనిచేయునని ఇరువదితొమ్మిదేండ్లకు తేలినది. ఇందులకు 1918, 1919 సంవత్సరముల సమ్మెలు సాక్ష్యము. యుద్ధకాలమున వస్తువుల ధరలు పెరిగి పోలీసువాని జీతము కూలివాని జీతమునకు తీసిపోయెను. 1918 ఆగష్టు 30వ తేదీన లండనున వేలకొలది పోలీసులు పని మానిరి. యుద్ధము ముగియక మునుపే రాజధాని కావలి లేక నిలిచినది. ప్రధానమంత్రి లాయిడు జార్జి జీతము పెంచెను; అంతవఱకు కర్తవ్యమున మడిసినవాని భార్యకేగాని సామాన్యముగ చనిపోయినవాని భార్యకు హక్కుగ లేని పింఛనును వారమునకు పది షిల్లింగులుగ నొప్పుకొనెను. వారి సంఘమును మాత్రము ఒప్పుకొనలేదు. 1919లో డెస్బరో ప్రభువు అధ్యక్షతను విచారణసంఘము కూర్చుండి కానిస్టేబులునకు వారమునకు 70 షిల్లింగుల జీతమును సిఫారసు చేసెను. దానితో పాటు పోలీసులు కార్మికసంఘమున చేరరాదని నిషేధించు చట్టము వచ్చినది.

ఆగష్టు మొదటివారమున ఆ నిషేధముపై రెండవ సమ్మె లేచినది. జీతము పెరిగినందున చాలమంది కదలలేదు. లండనున వెయ్యిమందికి పైగను, లివర్పూలున దళములో దాదాపు సగము, సుమారు 950 మందియు పని మానిరి. లివర్పూలు వీథులు దోపిడీలపాలయ్యెను, సైన్యము దిగెను, మెర్సీ నదిలోనికి యుద్ధనౌక వచ్చెను. సమ్మె చేసినవారందఱును తొలగింపబడిరి. ఒక్కనిని మరల చేర్చుకొనలేదు. పింఛనుపై హక్కు దానితోనే పోయినది. పదునెనిమిదేండ్లు నడిచినవానికిని, ఇరువదినాలుగేండ్లు నడిచినవానికిని చేతికి చిక్కినది శూన్యమే. ఏండ్ల తరబడి జీతము నుండి కోసిన సొమ్ము ఎవరిది, అది వాని కూలియా, యజమానుని దయయా అను ప్రశ్నను ఆనాడు ఏ న్యాయస్థానమును తేల్చలేదు. 1840లో స్పష్టముగ హక్కు కాదనిరి, 1890లో హక్కనిరి, 1919లో విధేయుడవై యున్నంతవఱకే హక్కనిరి. పోలీసువాడు ఆయుధోపజీవి గనుక సమ్మె చేయరాదనువాదము నాకు తెలియనిది కాదు. దానిలో కొంత బలమును గలదు. కాని తప్పునకు కొలువు తీయుట యొక శిక్ష. అంతకు ముందు చేసిన సేవను గూడ చెఱిపివేయుట వేఱొక శిక్ష. మొదటిది చేసిన దొరతనము రెండవదానిని గూర్చి ఆలోచించినట్లు గనబడదు.

1921వ సంవత్సరపు పోలీసు పింఛను చట్టము దేశమునంతటను ఒక్క కొలత పెట్టినది. ఇరువదియైదేండ్లకు సగము జీతము, ముప్పదియేండ్లకు మూడింట రెండు వంతులు.

ఇక నిప్పు నార్పువారి మాట. వీరి చరిత్ర పోలీసుల చరిత్రవలె జగడాలమారి కాదు, కాని ఎక్కువ దుఃఖమయము. 1833లో లండనులోని ఇన్సూరెన్సు కంపెనీలు కూడి తమ ఆస్తులను కాపాడుకొనుటకై ఒక దళమును నిలిపినవి. దానికి నాయకుడు ఎడింబరోనుండి వచ్చిన జేమ్సు బ్రెయిడ్‌వుడు. ఈయన పదునేడు మొదలు ఇరువదియైదేండ్ల లోపు వయస్సు గల తాపీవారిని, వడ్రంగులను, పెంకులు నేయువారిని ఏరి, ఇండ్లకప్పులెక్కుట నేర్పినవాడు. నిప్పును దూరమునుండి గాక దగ్గఱకు చొచ్చి ఆర్పవలెనని బోధించినవాడు. 1861 జూను 22వ తేదీన టూలీ వీథిలో గిడ్డంగులు రగులుకొన్నవి. బ్రెయిడ్‌వుడు తన మనుష్యులయొద్దకు పోవుచుండ గోడ విఱిగి మీద బడి మృతుడయ్యెను. ఆ మంటలు పూర్తిగ చల్లారుటకు రెండు వారములు పట్టినది. అప్పటి కాయన వయస్సు అఱువది. ఈ యుదాహరణమును నా వాదమునకు బలముగ నిలుపుట కష్టము. గోడ వయస్సు చూచి కూలదు. కాని యువకులనే ఏరుకొనిన నాయకుడు తాను అఱువదియేండ్లకును పొగలో నడచుట ఆ కాలమున ఎవరికిని వింతగ దోచలేదనుట గమనింపదగును. పెద్దవారికి పోదగిన చోటు లేదు గనుక పోలేదు.

ఆ యగ్ని వలన నష్టపడిన కంపెనీలు ఇక మావలన గాదని చేతులెత్తగా, 1865 చట్టముతో దళము నగరసంస్థ వశమైనది. దాని నాయకుడు కెప్టెను మాసీ షా నావికులను మెచ్చి చేర్చుకొనెను. ఎత్తులకు వెఱవనివారు, రాత్రింబవళ్లు ఒకే కప్పుక్రింద మెలగుట యలవాటైనవారు గదా. వీరు స్టేషనులోనే కాపురముండి ఏ గడియనైనను గంట విని పరుగిడవలెను. పోలీసువానికి 1890లో దొరకిన హక్కు వీరికి దేశమంతట ఒకే తీరుగ దొరకుటకు 1925 వఱకు ఆగవలసివచ్చినది. ఆ యేటి అగ్నిమాపకదళ పింఛను చట్టము పోలీసుల కొలతనే వీరికిని ఇచ్చినది. పోలీసు సమ్మె చేసెను, నిప్పు నార్పువాడు చేయలేదు. ముప్పదియైదేండ్ల యాలస్యమునకు ఇది కారణము కాదని ఎవరైన ఋజువు చేసిన వినుటకు సిద్ధముగ నున్నాను.

ఈ ధర్మమునకు బలమైన ఆక్షేపణ యొకటి గలదు. బొగ్గుగని కూలివాని యూపిరితిత్తులు పోలీసువానివానికంటె మెఱుగా? పొలమున వంగి వంగి నడుము గూనియైన కూలివానికి నలువదియైదేండ్లకు పింఛను ఎవరిచ్చిరి? దీనికి సరియగు జవాబు, వీరికీయరాదనుట కాదు, వారికిని ఈయవలెననుట. అయినను భేదమొకటి యున్నది. గనికూలివాడు అలసినచో బొగ్గు తక్కువ వచ్చును. నిచ్చెనమీద నిప్పు నార్పువాడు అలసినచో మూడవ అంతస్తున నున్న బిడ్డ రాదు. ఆ బిడ్డ తల్లికి ఆ జవాను వయస్సెంతయో తెలిసికొను వీలు లేదు. సంఘము వారి శరీరబలమును తన ప్రాణముల కొఱకు కొనుచున్నది. బలము తీఱినపుడు గౌరవముగ వెడలు దారి చూపనిచో, బలమున్నట్లు నటించుమని తానే వారిని నిర్బంధించినట్లగును. మఱియొక ఆక్షేపణ ధనమును గూర్చినది. ఏబదియేండ్ల దృఢకాయుడు పింఛను పుచ్చుకొని మఱునాడే వేఱొక కొలువున చేరును. ప్రజలు ముప్పదియేండ్లు వానికి పన్ను కట్టవలెను. ఇది నిజమే, దీనికి నాయొద్ద తేలిక సమాధానము లేదు.

ముందుగ వెడలుటయే మంచిదని అన్నివేళల అనరాదని అమెరికా దేశము చూపినది. మసాచుసెట్సు రాష్ట్రపు పోలీసులు ఏబదియేండ్లకు కొలువు విడిచి తీఱవలెనని అచ్చటి చట్టము. ఆరోగ్యముతో నున్న యొక అధికారి, కొన్నినెలల ముందే వైద్యపరీక్షలో నెగ్గినవాడు, నన్నేల పొమ్మనెదరని వ్యాజ్యెము వేసెను. 1976లో ఆ దేశపు సుప్రీంకోర్టు రాష్ట్రపు పక్షమున తీర్పు చెప్పినది. న్యాయమూర్తి థర్గుడు మార్షలు ఒక్కడు విభేదించెను. ఇరువదియైదేండ్లకు పోవచ్చును అనుట యొకటి, ఏబదియేండ్లకు పొమ్మనుట వేఱొకటి. మొదటిదానిలో దినము సేవకునిది, రెండవదానిలో యజమానునిది. ఆ దేశపు సమాఖ్యప్రభుత్వము 1974లో రెండింటిని కలిపినది. నేరపరిశోధకులును అగ్నిమాపకులును ఇరువదియేండ్ల సేవతో ఏబదియేండ్లకు తమంతట వెడలవచ్చును. ఏబదియైదునకు వెడలి తీఱవలెను. ఆ పైపరిమితి తరువాత ఏబదియేడయినది.

ఇంగ్లండునకు మరలుదము. 1987 నాటి పోలీసు నిబంధనలును, 1992 నాటి అగ్నిమాపకుల పథకమును పాత ధర్మమును పూర్ణదశకు తెచ్చినవి. ముప్పదియేండ్లు సేవ చేసిన పోలీసువాడు వయస్సుతో నిమిత్తము లేక వెడలవచ్చును. ఏబదియేండ్లు నిండినచో ఇరువదియైదేండ్ల సేవ చాలును. అగ్నిమాపకునకును ఏబదియు ఇరువదియైదును. లెక్క మిక్కిలి చతురముగ గట్టబడినది. మొదటి ఇరువదియేండ్లకు ఏటికి అఱువదవవంతు చొప్పున, తరువాతి పదియేండ్లకు ఏటికి రెండు అఱువదవవంతులు చొప్పున జమకట్టి, మొత్తము నలువది వంతులకు, అనగా మూడింట రెండింటికి చేర్చుదురు. ఇరువదవయేట వెడలువాడు మూడవవంతుతో వెడలును. ఇంకొక పదియేండ్లున్నచో దానికి రెట్టింపు. మనిషిని నిలుపుటకు పీలు కాలమున పుట్టిన ఆశ ఇచ్చట గణితరూపమున జీవించియుండెను. ఈ సౌకర్యమునకై వారు జీతములో నూటికి పదునొకండు వంతులు చెల్లించుచుండిరి. తేరగా దిన్నది కాదు.

2006లో క్రొత్తగ చేరు అగ్నిమాపకులకు అఱువదియేండ్ల నియమము వచ్చెను. 2011 మార్చిలో హట్టను ప్రభువు నివేదిక, మనుష్యులు దీర్ఘాయుష్మంతులగుచున్నారు గనుక పోలీసులు, అగ్నిమాపకులు, సైనికులు మున్నగువారికి అఱువదియేండ్లు పింఛను వయస్సుగ నుండదగునని సిఫారసు చేసెను. తక్కిన ప్రభుత్వోద్యోగులకు అంతకంటె ఎక్కువ వయస్సు చెప్పిరి గనుక ఇందులో కొంత కనికరము లేకపోలేదు. 2013 చట్టము వెలువడి, 2015 ఏప్రిలునుండి అమలునకు వచ్చినది. అగ్నిమాపకులు 2013 మొదలు 2015 వఱకు అనేక పర్యాయములు సమ్మె చేసిరి. వారి మాట ఒక్కటే. ఆయువు పెరిగినమాట నిజము. కాని మూటలు మోయుచు, ముక్కునకు గాలియంత్రము తగిలించుకొని, వేడిలో మెట్లెక్కుటకు కావలసిన బలమును ఆయువు పెంచదు. శ్వాసమున ప్రాణవాయువును వినియోగించు శక్తి ముప్పదియేండ్లు దాటిన పిదప దశాబ్దమునకు దాదాపు పదియవవంతు తగ్గునని శరీరశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. సాధనచే ఆ తగ్గుదల మందగించునుగాని నిలువదు. ఏబదియేడేండ్లవాడు పరీక్షలో తప్పినచో వాని గతి యేమి? వైద్యుడు పిలువబడును. సర్టిఫికెటు వ్రాయబడును. 1840 నాటి చట్టములోని అంకెయు అఱువదియే యని చదువరులు మఱచియుండరు.

మార్పు చేసిన తీరు మఱియొక తగవునకు దారి తీసినది. 2012 ఏప్రిలు 1వ తేదీనాటికి పింఛనునకు పదియేండ్ల దూరములో నున్న పెద్దవారిని పాత పథకముననే యుండనిచ్చి, చిన్నవారిని క్రొత్తదానిలోనికి ద్రోసిరి. ఒకే బండినెక్కి ఒకే మంటకు పోవు ఇరువురిలో ఒకడు ఏబదియైదునకు, ఒకడు అఱువదికి. న్యాయాధిపతులును అగ్నిమాపకులును వేఱువేఱుగ వ్యాజ్యెములు తెచ్చిరి. 2018 డిసెంబరులో అప్పీలుకోర్టు, ఇది వయస్సునుబట్టి చూపిన పక్షపాతమని తీర్మానించెను. పెద్దవారికి చేసిన మేలు చిన్నవారికి చేసిన కీడని తేలినది. ప్రభుత్వము 2022లో చట్టము చేసి, 2015 ఏప్రిలు మొదలు 2022 మార్చి వఱకు గల ఏడేండ్ల సేవను పాతపద్ధతిని లెక్కింతురో క్రొత్తపద్ధతిని లెక్కింతురో కోరుకొనుడని ఆయా సేవకులకే విడిచినది. 2022 ఏప్రిలు 1వ తేదీనుండి మాత్రము అందఱును క్రొత్తదానిలోనే.

మన ప్రాంతమున ఈ ప్రశ్న వేఱొక రూపమున నున్నది. పోలీసువానికిని అగ్నిమాపకునకును గుమాస్తాకును పదవీవిరమణ వయస్సు ఒక్కటే. ఆంధ్రప్రదేశమున అది 2014లో ఏబదియెనిమిదినుండి అఱువదికిని, 2022లో అఱువదిరెంటికిని పెరిగినది. తెలంగాణమున 2021లో అఱువదియొకటికి. ఇరువదియేండ్ల సేవ పిమ్మట స్వచ్ఛందముగ వెడలు వీలు అందఱు ఉద్యోగులకు వలెనే వీరికిని గలదు. వీరి కొలువు వేఱని గుర్తించిన నియమము మాత్రము లేదు. 2004 సెప్టెంబరు 1వ తేదీ తరువాత చేరినవారు జీతములో సగమును హక్కుగ నిచ్చు పాత పింఛనునకు వెలియై, తాము కట్టిన సొమ్మును బట్టి వచ్చు పథకమున చేరిరి. ఇరువదిరెండేండ్లకు కానిస్టేబులుగ చేరిన యువకుడు గుంటూరు వీథులలో నలువదియేండ్లు పారా నడువవలెను. వాని పక్క బల్లమీద ఫైలు వ్రాయు గుమాస్తాయు అన్నియేండ్లే కూర్చుండును.